అల్లం టీ స్పెషల్

నవంబరు 6, గురువారం

ఈ డైరీ పెట్రోలు బంకు కంపెనీ వాళ్ళది. మా ఆయన ఎలీయేజరు మేనేజరుగా చేసిన చివరి ఏడాది పంచారు. అట్ట మీద కంపెనీ బొమ్మ, లోపలంతా తెల్ల కాగితాలు. బంకు మూతపడింది, ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు, ఇది మాత్రం ట్రంకు పెట్టెలో కొత్తగా ఉండిపోయింది. పాత తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. ఈ గెడ్డవలస జంక్షన్‌లో నా మాట అర్థమయ్యే మనిషి ఒక్కరూ లేరు. కాగితమే నయం, ఎదురు మాట్లాడదు.

సరిగ్గా సంత రోజున దిగారు మహానుభావులు. రెండు లారీలు, ఒక తవ్వే మిషను, నీలం చొక్కాల మనుషులు. నా హోటలు పక్కనున్న పాత బంకు గచ్చు పగలగొట్టడానికి ఇంకో రోజే దొరకలేదు వాళ్ళకి. దుమ్మంతా నా బజ్జీల మీద. ఏమిటయ్యా ఇది అంటే, నేల కింద ఉన్న పెట్రోలు ట్యాంకులు కారిపోయి భూమిలో నీళ్ళు పాడయ్యాయట, ఆ నీళ్ళను శుభ్రం చేస్తారట. బంకు మూసి ఇన్నేళ్ళయ్యాక గుర్తొచ్చింది! లోకంలో అన్నీ నీళ్ళతో కడుగుతాం. నీళ్ళను దేనితో కడుగుతారో నేనూ చూస్తాను.

వాళ్ళ ఇంజనీరు పేరు భాస్కర్. విశాఖపట్నం కుర్రాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. "ఆంటీ, మీ బావి వాడుతున్నారా?" అని అడిగాడు. ఆంటీ! వాడి పిన్నినా, మేనత్తనా? బావి వాడటానికి కాక చూసుకుని మురవడానికి తవ్వించుకుంటామా అన్నాను.

మనుషులందరికీ టీ ఇచ్చాను. అందరూ తాగారు. ఇంజనీరు గారు మాత్రం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, మెల్లగా గోడ మీద పెట్టేసి ఫోనులోకి చూసుకున్నాడు. వాళ్ళమ్మ నేర్పిన మర్యాద కాబోలు.

నవంబరు 8

చలి ముదిరింది. టీలో అల్లం కాస్త ఎక్కువ వేస్తున్నాను.

నవంబరు 11

ఆ కుర్రాడు ఈ రోజు నా బావిలోకి తాడు కట్టిన ప్లాస్టిక్ గొట్టం ఒకటి దించాడు. అడిగాడులే, అడగలేదని అనను. నేను కాదనేలోపే దించేశాడు. పైకి తీసి ఎండకు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. నన్నూ చూడమన్నాడు. నీళ్ళ మీద పలచగా మీగడ కట్టినట్టు ఏదో ఉంది, రంగులు రంగులుగా. ఎండలో ఏ నీళ్ళయినా అలాగే ఉంటాయి, నువ్వెప్పుడూ బావి చూసినట్టు లేదే అన్నాను. నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ఈ బావి ఎలీయేజరు తవ్వించింది. పెళ్ళయిన కొత్తలో. నేనూ తట్టలెత్తి మట్టి మోశాను, హాస్టల్లో చదువుకున్న చేతులతో. రాయి తగిలిన రోజున ఆయన కూర్చుండిపోతే, తవ్వమని తిట్టింది నేను. మర్నాడు నీళ్ళు పడ్డాయి. అప్పటి నుంచి సంతకొచ్చే ప్రతి మనిషీ బరువు నా పందిట్లోనే దించాలి, నా చేతి నీళ్ళు తాగాలి, ఆ తర్వాతే బేరాలు. ఈ జంక్షన్‌లో నీళ్ళు ఇచ్చే చెయ్యి నాది. ఆ గొట్టం పట్టుకుని ఇప్పుడు నాకు నీళ్ళ గురించి చెబుతాడా వీడు?

నవంబరు 13, గురువారం

చిట్టెమ్మ వదిన వచ్చింది, అల్లం బుట్టతో. ఎలీయేజరుకి స్వయానా అక్క. వెనక లోయలో దిగువవలసలో ఉంటుంది. ఆ ఊరికి నేను కోడలినే గానీ అక్కడ ఒక్క రోజు కాపురం చేయలేదు. జి.మాడుగుల మిషను హాస్టల్లో పెరిగి, ఇంటరు దాకా చదువుకున్నదాన్ని. అడ్డాకుల విస్తళ్ళు కుట్టుకుంటూ, పొద్దు ఎటు తిరిగితే అటు చూసుకుంటూ కూర్చునే వాళ్ళ మధ్య నేనేం చేయాలి? పెళ్ళిలోనే చెప్పేశాను ఆయనతో.

బుట్టలో ఉన్న అల్లమంతా నేనే తీసుకున్నాను. వదిన నా మొహంలోకి చూసింది.

"ఇంతల్లం ఏటి సేత్తన్నావే?"

టూరిస్టులు అడుగుతున్నారు, సీజను కదా అన్నాను. ఊఁ అంది. నీళ్ళు ఇచ్చాను. గ్లాసు పట్టుకుంది. పట్టుకుని, తాగకుండా, బల్ల మీద పెట్టేసి లేచి వెళ్ళిపోయింది.

అందరూ చూస్తుండగా! ఇక్కడ ఇచ్చిన నీళ్ళు తాగకుండా దించితే ఆ ఇంటితో తెంపుకున్నట్టే లెక్క. చదువు లేకపోయినా ఈ లెక్కలు మాత్రం పుట్టుకతో వస్తాయి వీళ్ళకి. ఆమెకు తెలియక చేసిందనుకోవడానికి లేదు. తమ్ముడు పోయిన నాటి నుంచీ నా మీద కడుపు మంట ఆమెకి. హోటలు నడుపుకుంటున్నానని, ఎవరి కాళ్ళ మీదా పడలేదని. ఉండనీ. నాకేం నష్టం లేదు.

గ్లాసులో నీళ్ళు మొక్కకు పోశాను.

నవంబరు 17

హైదరాబాదు నుంచి రెండు కార్లు. మబ్బులు చూడటానికి వచ్చారట. మబ్బులు చూడటానికి అంత దూరం! నా టీ తాగి ఒకావిడ, ఇంత ఘాటైన అల్లం టీ జన్మలో తాగలేదండీ అంది, ఫోటో తీసుకుంది. నన్ను కూడా నిలబెట్టి తీసింది. సాయంత్రం రేకు ముక్క తెచ్చి ఎర్ర రంగుతో నేనే రాశాను: అల్లం టీ స్పెషల్. నా అక్షరాలు ఇప్పటికీ ముత్యాల్లాగే ఉన్నాయి. రోడ్డుకు కనిపించేలా కట్టించాను.

ఇంజనీరు ఆ బోర్డు వంక చాలాసేపు చూశాడు. చదవడం వచ్చన్నమాట.

నవంబరు 21

నాకు ఈ మధ్య టీ పడటం లేదు. వయసు. వేడి పాలు తాగుతున్నాను.

నవంబరు 26

నా బావి నీళ్ళకు విశాఖపట్నం నుంచి రిపోర్టు వచ్చిందట. భాస్కర్ చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు, తాగకండి ఆంటీ, వంటకీ వద్దు, టీకి అసలే వద్దు, మరగబెట్టినా లాభం లేదు, రోజూ ట్యాంకరు మేమే పంపిస్తాం అని. ట్యాంకరు! హోటలు ముందు ట్యాంకరు నిలబడితే బండి ఆపే వెర్రివాడు ఎవడు? ఆ రిపోర్టు తప్పని చెప్పాను. సీసాలు కలిసిపోయి ఉంటాయి. ట్యాంకులు తవ్వి తీసిన మట్టి అంతా అక్కడే కుప్ప పోసి పెట్టారు, ఆ కంపు సీసాలకు పట్టి ఉంటుంది.

వాడికి అర్థమయ్యేలా చెప్పాను. ఆటో మంగ్లు ఉన్నాడు, దిగువవలస మనిషి, రోజూ పొద్దున్నా సాయంత్రం నా కుండలో నీళ్ళు కడుపు నిండా తాగి వెళతాడు. సంతవాళ్ళు తాగుతున్నారు. ఒక్కరైనా నోరు విప్పారా? కొండవాళ్ళ ముక్కు నీకు తెలియదు, తేనె వాసన చూసి ఏ పువ్వుదో చెబుతారు, రేపు పడబోయే వాన వాసన ఈ రోజు పడతారు. అలాంటి వాళ్ళు ఏమీ అనకపోతే, నీ మిషనుకు కంపు కొట్టిందా?

తల వంచుకుని పోయాడు. మొదటిసారి ఎవరినో మాటతో గెలిచినట్టు అనిపించి సంతోషంగా భోంచేశాను. అన్నం సగం వదిలేశాను. ఆకలి లేదు.

డిసెంబరు 2

అల్లం దంచి దంచి అరచెయ్యి మండుతోంది.

డిసెంబరు 3

ఇది ఎవరికీ చెప్పను కాబట్టి రాస్తున్నాను. పొద్దున బావిలో బొక్కెన వేసి పైకి లాగేసరికి ఎలీయేజరు వచ్చినట్టనిపించింది. బంకులో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చొక్కా విప్పి దండెం మీద వేసేవాడు. ఇల్లంతా అదే వాసన. అన్నం దగ్గర అదే, దిండు మీద అదే. మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని. తర్వాత ఆ వాసన రాకపోతే నిద్ర పట్టేది కాదు. చొక్కాలు ఉతికి ఉతికి, చివరికి పెట్టెలో ఒక్కటి ఉతకకుండా దాచుకున్నాను. దానికి వాసన పోయి మూడేళ్ళయింది.

బొక్కెన గట్టు మీద పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఆయన మీద కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన ఉన్నప్పుడు ఆ ట్యాంకుల్లోంచి ఒక్క చుక్క పోలేదు. పోయిందని ఎవడైనా అంటే ఊరుకోను.

డిసెంబరు 4, గురువారం

ఈసారి వదిన ఆనపబుర్రలో నీళ్ళు తెచ్చుకుంది. తన నీళ్ళు! నా పందిట్లో, నా బల్ల మీద కూర్చుని, బుర్ర ఎత్తి గటగటా తాగింది. మిగిలింది నా వైపు చాపింది. నాకు! దిగువవలస ఊటలోంచి పట్టిన నీళ్ళు నాకు! కళ్ళతో కాల్చేయగలిగితే అప్పుడే కాల్చేద్దును. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. అల్లం మాత్రం ఇచ్చిపోయింది, పోయిన వారం కంటే తక్కువ.

డిసెంబరు 9

ఇప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు ఇంజనీరు. నా బావే కావాలట వాడికి.

తడి మట్టి ఒక పళ్ళెంలో వాలుగా పేర్చి తెచ్చాడు, చిన్నపిల్లకు పాఠం చెబుతున్నట్టు. పై కొసన నీళ్ళు పోశాడు. కిందికి జారాయి. చూశారా, బంకు ఇక్కడ, మీ బావి ఇక్కడ, అదిగో ఆ కింద దిగువవలస ఊట, పెట్రోలు నీళ్ళతో పాటు అటే నడుస్తోంది అన్నాడు. తర్వాత మధ్యలో వేలితో గుంట చేశాడు. నీళ్ళన్నీ గుంటలోకి వచ్చి ఆగిపోయాయి. ఆ గుంటే మీ బావి ఆంటీ, పగలూ రాత్రీ మోటారు పెట్టి తోడేస్తే చెడ్డ నీళ్ళు ఇక్కడికే వస్తాయి, ఊటకు పోవు, తోడిన నీళ్ళలోకి గాలి కొట్టి, బొగ్గు డ్రమ్ముల్లోంచి పంపి శుభ్రం చేస్తాం అన్నాడు. ఊట ఇంకా బాగానే ఉందట, వానలు మళ్ళీ మొదలయ్యేలోగా పని మొదలుపెట్టకపోతే మాత్రం చెప్పలేడట. కొత్త బోరు వెయ్యొచ్చు కదా అంటే, రాయిలో పగుళ్ళన్నీ మీ బావిలోకే తెరుచుకున్నాయి, ఇంకెక్కడ వేసినా ఇంత నీరు లాగదు అన్నాడు.

బొగ్గుతో పళ్ళు తోముకుంటాం. నీళ్ళు తోముతాడట వీడు.

అంటే ఏమిటి? నా బావి వాళ్ళకు మురికి కాలువ. చుట్టూ కంచె, పుర్రె బొమ్మ, తాగరాదని బోర్డు. నెలల తరబడి. ఒక్కసారి ఆ బోర్డు పడితే ఇన్నాళ్ళూ ఏం తాగించావని అడగరా నన్ను? హోటలు ఉంటుందా? ఎవరి కోసం? నా నీళ్ళు బల్ల మీద పెట్టి పోయిన వాళ్ళ కోసమా?

కుదరదని చెప్పాను. రెండోసారి అడిగాడు. పళ్ళెం ఎత్తి అవతల పారేశాను.

డిసెంబరు 12

ఇంజనీరు ఈసారి పాస్టరు సైలస్ గారిని పంపించాడు నా మీదికి. ఈయనొక మొనగాడు. కుర్చీలో కూలబడి త్యాగం గురించి ప్రసంగం మొదలుపెట్టాడు. తన ఇంటి గోడ పక్కింటి వైపు జానెడు జరిపిన మనిషి త్యాగం చెబుతుంటే వినాలి నేను. ఆయనకు టీ ఇచ్చాను. తాగి, అల్లం కొంచెం ఘాటుగా ఉందమ్మా అని దగ్గాడు. త్యాగం సంగతి అంతటితో మరిచిపోయి, క్రిస్మసు విందు ఎప్పటిలాగే నువ్వే వండాలమ్మా, సంఘమంతా నీ చేతి పులావు కోసం ఎదురుచూస్తోంది అన్నాడు. అలాగే అన్నాను.

ఎప్పటిలాగే నా బావి నీళ్ళతోనే వండుతాను. ఎందుకు వండను?

డిసెంబరు 18, గురువారం

వదిన రాలేదు. అల్లం హుకుంపేట నుంచి తెప్పించాను. పీచు.

డిసెంబరు 20

మంగ్లు రెండు రోజులుగా ఆటో తీయడం లేదు. తలనొప్పి, కడుపులో తిప్పుడు అట. ఈ చలికి అందరికీ అలాగే ఉంది.

డిసెంబరు 22

పులావుకు బియ్యం తెచ్చాను. కోళ్ళు చెప్పాను. ఏలకులు, లవంగాలు తెచ్చాను. సంఘంలో పిల్లలే ఎక్కువ.

పులావులో అల్లం ఎంత వేసినా ఫరవాలేదు.

పిల్లలే ఎక్కువ ఈసారి.

డిసెంబరు 24

తెల్లారుతూనే మంగ్లు ఆటోలో దిగువవలస వెళ్ళాను. వాడు మళ్ళీ లేచి తిరుగుతున్నాడు. వెనక ఖాళీ క్యాన్లు. బావి మోటారు చెడిపోయిందని చెప్పాను వాడికి. మా బావికి మోటారు లేదు, బొక్కెనతో తోడతాం. ఆ సంగతి వాడికి తెలుసు. సరే అమ్మా అన్నాడు.

ఊట దగ్గర మంచు విడలేదు. నేను ఆ రాళ్ళు దిగి ఎన్నేళ్ళయిందో. ఊటలో పరాయివాళ్ళు చెయ్యి పెట్టరు, ఆ ఊరి ఆడది ముంచి పోస్తేనే పట్టుకోవాలి. అందుకని గట్టు మీద నిలబడ్డాను, ఎవరైనా వస్తారని. ఎవరొచ్చింది? వదినే. బిందె చంకన పెట్టుకుని నన్నూ క్యాన్లనూ చూసింది. నేను నా జన్మలో అంత చిన్నబోయి ఎక్కడా నిలబడలేదు. ఆమె నవ్వి ఉంటే తిరిగి వచ్చేసేదాన్ని. నవ్వలేదు.

"ఎవులు పోత్తారని నిలబడ్డావు? ఈ ఊరి కోడలివి. దిగి ముంచుకో."

చెప్పులు విప్పి దిగాను. నీళ్ళు మోకాలు కొరికేశాయి. ఒక్కో క్యానూ ముంచి పైకి అందిస్తుంటే ఆమె పట్టుకుని మూత బిగించింది. క్రిస్మసు వంట అని చెప్పాను. బావి మోటారు చెడిందని కూడా చెప్పాను, నోటికి అలవాటైపోయింది కాబోలు. ఆమె ఇంకో ఖాళీ క్యాను అందించింది. ఆఖరి క్యాను నిండాక నా చెయ్యి పట్టుకుని పైకి లాగింది. అరచెయ్యి తిప్పి చూసింది. అల్లం దంచి ఎర్రగా పొక్కిన చెయ్యి. అప్పుడు అంది.

"ఈ ఊటకి కూడా ఆ కంపు దిగితే ఏటి సేత్తావు? అంతల్లం మా కొండ మీద పండదే, రాజకుమారీ."

ఆటో ఎక్కాను. దారంతా మంగ్లు ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. ఆ క్యాన్లలో నీళ్ళు ఊగుతున్న చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు.

ఎంత మాట అంది. అల్లం అమ్ముకునే మనిషి.

డిసెంబరు 25, గురువారం

విందు అయిపోయింది. పిల్లలు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. పాస్టరు సైలస్ గారు అందరి ముందూ లేచి, రాజకుమారమ్మ గారి పులావుకు ఆ రుచి ఆమె బావి నీళ్ళ వల్లే వస్తుందని పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయాను.

డిసెంబరు 26

పొయ్యి వెలిగించలేదు. పండగ అలసట అని చెప్పాను అడిగినవాళ్ళకి.

డిసెంబరు 27

నేనే వెళ్ళాను బంకు గోతి దగ్గరికి. భాస్కర్ హెల్మెట్టు పెట్టుకుని గొట్టాలు లెక్కపెట్టుకుంటున్నాడు. నీ మోటారు తెచ్చుకో అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఏ మోటారు ఆంటీ అన్నాడు. ఇన్నాళ్ళూ పళ్ళేల్లో బురద కలిపి పాఠాలు చెప్పి, ఏ మోటారు అంటాడు! నా బావి, నా బావిలో పెట్టే మోటారు, ఇంకెన్నాళ్ళు ఆలోచిస్తావు, వానలు వచ్చేదాకానా అని అరిచాను. పనివాళ్ళందరూ తిరిగి చూశారు.

థాంక్స్ ఆంటీ అన్నాడు. ఇంకో మాట చెప్పాను: ఊట నీళ్ళు వారం వారం నా కళ్ళ ముందు పరీక్ష చేయించాలి, ఆ గొట్టం నాక్కూడా చూపించాలి, పని చెడగొడితే మీ కంపెనీతో కాదు, నాతో ఉంటుంది గొడవ నీకు అని. అలాగే అన్నాడు. మళ్ళీ అడిగాను, బావి మళ్ళీ బాగవుతుందా అని. కొన్నేళ్ళు పట్టొచ్చు, మాట ఇవ్వలేను అన్నాడు. కనీసం అబద్ధం చెప్పలేదు.

డిసెంబరు 30

మోటారు దించారు. బావి చుట్టూ కంచె వేశారు. కంపెనీ వాళ్ళ బోర్డు రావడానికి ఇంకా టైము పడుతుందట, విశాఖపట్నంలో అచ్చు వేయాలట. నాలుగు మాటలు రాయడానికి విశాఖపట్నం వెళ్ళాలి వీళ్ళకి! నా రేకు బోర్డు విప్పి, తిరగేసి, వెనక వైపు నేనే రాశాను: ఈ బావి నీళ్ళలో పెట్రోలు ఉంది. తాగరాదు. అదే ఎర్ర రంగు, అడుగున కొంచెం మిగిలింది.

రోడ్డుకు కనిపించేలా కట్టించాను.

జనవరి 2

మోటారు ఆగకుండా మోగుతోంది. నీళ్ళలోకి గాలి కొట్టే నీలం డబ్బా బుసబుసమంటోంది. తోడిన నీళ్ళు మొదట ఎలా ఉన్నాయో చూశాను. రాయను.

జనవరి 3

మంగ్లు వచ్చాడు. ఎప్పటిలాగే కుండ దగ్గరికి నడిచాడు. కుండ బోర్లించి ఉంది. వాడిని కూర్చోమన్నాను. రెండు రోజులుగా ఎలా చెప్పాలా అని కూడగట్టుకుంటున్న మాటలు అన్నీ ఒక్కసారి చెప్పేశాను. బావి పాడైందని, నాకు ముందే తెలుసని. నవంబరు నుంచీ తెలుసని. నీ తలనొప్పికి కారణం నేనే అయి ఉంటానని. భాస్కర్ జీపులో పాడేరు ఆసుపత్రికి తీసుకెళతానని. తిట్టమన్నాను. కొట్టినా కొట్టమన్నాను.

వాడు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

"తెల్సమ్మా. దీపావళికి ముందే తెల్సు. మాకందరికీ తెల్సు."

మరి ఎందుకు తాగావురా అన్నాను. నాకు అరుపే వచ్చింది.

"నీ సేతి నీళ్లు వొద్దంటే నీ ఇంటితో తెంపుకున్నట్టు కదా. ఎలియేజరన్న ఇల్లు. ఎలగ వొద్దంటాం?"

పాడేరులో రక్తం తీసుకున్నారు. మళ్ళీ నెలకు రమ్మన్నారు. జీపులో తిరిగి వస్తుంటే వాడే నాకు ధైర్యం చెప్పాడు. ముక్కు లేని వాళ్ళనుకున్నానా, నోరు లేని వాళ్ళనుకున్నానా? రెండింటిలో ఏదో ఒకటి అనుకుని ప్రతి రోజూ గ్లాసు నింపి ఇచ్చాను. వాళ్ళు ప్రతి రోజూ నా మొహం చూసి తాగారు. వద్దన్నది వదిన ఒక్కతే. ఆమె వదిలేసిన నీళ్ళు నేను మొక్కకు పోశాను.

ఆ మొక్క కూడా చచ్చింది. ఈ రోజే చూశాను.

జనవరి 8, గురువారం

సంత. పొద్దున్నే పందిరి ఊడ్చి బల్లలు వేశాను. ఎవరూ రారనుకున్నాను. వస్తే తలెత్తి చూడకూడదనుకున్నాను. మొదట వదిన వచ్చింది, వెనక దిగువవలస ఆడవాళ్ళు, ఒక్కొక్కరి నెత్తిన బిందె. నా కుండలు నిలబెట్టి, ఊట నీళ్ళు పోసేసి, పందిట్లో చతికిలబడ్డారు. ఇక మీదట సంత సంతకీ తెస్తారట. పోసి పెట్టే పని మాత్రం నాదేనట, వాళ్ళకు తీరిక లేదట. ఆ మాట వదిన చెబుతుంటే మిగిలినవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. దిక్కుమాలిన నవ్వు. నాకూ వచ్చింది.

వదిన ముందుగా ఒక గ్లాసు ముంచి నాకు ఇచ్చింది. అందరూ చూస్తున్నారు. తాగాను. నిండా తాగి గ్లాసు బోర్లించాను.

సంతవాళ్ళు వచ్చారు. బోర్డు దగ్గర ఆగారు, చదివినవాళ్ళు చదవలేనివాళ్ళకి చెప్పారు. బరువులు మాత్రం నా పందిట్లోనే దించారు. కొందరు రాలేదు, అటు నుంచే వెళ్ళిపోయారు. వాళ్ళను అనడానికి నాకు నోరు లేదు.

భాస్కర్ వచ్చి గోడ మీద కూర్చున్నాడు, టీ అడిగాడు. ఇచ్చాను. తాగాడు. ఇంకోటి అడిగాడు. మీసం రాకపోయినా బుద్ధి వస్తోంది.

పదిన్నరకు కారులో టూరిస్టులు. అల్లం టీ స్పెషల్ ఇక్కడే కదండీ, ఫోనులో చూసి వచ్చాం అన్నారు. లేదన్నాను. ఎందుకు లేదన్నారు. బోర్డు చూపించాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కారెక్కి పోయారు.

ఈ రోజు టీలో అల్లం వేయలేదు. మొదటి గ్లాసు నేనే తాగాను.